కెమెరా పట్టిన సివిల్ ఇంజినీర్

సివిల్ చదివి వేరే లైన్లో ఉద్యోగం వెతుకుతున్నారా? నాలుగేళ్ల చదువు వృథా అయిందని ఇంట్లో గొణుగుతున్నారా? అయితే లాలా దీన్‌దయాళ్ కథ మీకోసమే.

మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టారు. రూర్కీ థామసన్ కాలేజీలో (ఇప్పుడది ఐఐటీ) ఇంజినీరింగ్ చదివారు. 1866లో ఇందోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. ఎస్టిమేట్లు వేయడం, డ్రాయింగులు గీయడం ఆయన పని. అంటే పక్కా గవర్నమెంట్ జాబ్! కెమెరా పట్టింది 1870ల్లో, ఉద్యోగం చేస్తూనే.

అప్పటి కెమెరా ఎలా ఉండేదో ఊహించండి. చెక్కపెట్టె, ముక్కాలిపీట, గాజు పలకలు. నల్లగుడ్డ కప్పుకొని వెనకున్న గరుకు గాజులోకి చూస్తే దృశ్యం తలకిందులుగా కనిపించేది. మనకది తలనొప్పి. కానీ కంపోజిషన్ బాగుందో లేదో తేల్చుకోవడానికి అంతకన్నా మంచి పరీక్ష లేదు. నమ్మకపోతే మీ ఫోన్లో ఒక ఫొటోని తిరగేసి చూడండి. ముఖాలు, పేర్లు వెనక్కిపోతాయి. ఏ మూల బరువుగా ఉంది, ఎక్కడ ఖాళీ అనవసరం, కన్ను ముందు ఎక్కడికి పోతోంది... ఇవే మిగులుతాయి.

ఇంకోటి. ఫోన్ పైకెత్తి చార్మినార్‌ను తీస్తే మినార్లు వెనక్కి వాలినట్టు వస్తాయి కదా? ఆ కెమెరాల్లో పెట్టెను వంచకుండా లెన్స్ పలకను మాత్రమే పైకి జరపొచ్చు. గోడలు నిటారుగా నిలుస్తాయి. ప్లాను గీసిన చేతికి ఈ నిటారు విలువ వేరే చెప్పాలా? పెద్ద కట్టడం ముందు ఆయన చాలాసార్లు ఒక మనిషిని నిలబెట్టారు. ఆ మనిషిని బొటనవేలితో మూసి చూడండి, కట్టడం ఎంత ఎత్తో అంతుపట్టదు. తీసేస్తే ఫొటో దెబ్బతినేదే ఫ్రేములో ఉండాలి. మిగతాదంతా చెత్తే అని నా లెక్క.

1882లో లెపెల్ గ్రిఫిన్‌తో బుందేల్‌ఖండ్ తిరిగి అక్కడి కట్టడాలు తీశారు. 1885లో వైస్రాయ్‌కి ఫొటోగ్రాఫర్. ఉద్యోగాన్ని మాత్రం ఆవేశంగా వదల్లేదు. ముందు సెలవు పెట్టి, పని నిలదొక్కుకున్నాకే బయటికొచ్చారు. (రాజీనామా మెయిల్ టైప్ చేసిపెట్టుకున్నవాళ్లు గమనించాలి.) తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానం, రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ బిరుదు. 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళకే అప్పగించారు.

ఇక నాకు మింగుడుపడని సంగతి. నిజాం రాజ్యంలో కరువొచ్చినప్పుడు సహాయ శిబిరాలనూ ఆయనే తీశారు. ఆకలితో ఉన్న జనం వరసల్లో సర్దుకుని కూర్చుని ఉంటారు. గీతలు సరిగ్గా, ఫ్రేము నిండుగా! చూడగానే ప్రభుత్వ ఏర్పాటు కనిపిస్తుంది, ఆకలి తర్వాత గుర్తొస్తుంది. లెక్క ప్రకారం అది మంచి కంపోజిషనే. కానీ ఆ వరసలు ఎవరి కోసం? తీయించింది ఏలేవాళ్లు, ఆయన ఆస్థాన ఉద్యోగి. రేపు మీ క్లయింటూ ఇలాంటి ఫ్రేమే అడగొచ్చు.

1905లో ఆయన కన్నుమూశారు. 2,857 గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.