మేరీ కెన్నెత్ కెల్లర్

మేరీ కెన్నెత్ కెల్లర్ (డిసెంబరు 17, 1913 - జనవరి 10, 1985) అమెరికాకు చెందిన క్రైస్తవ సన్యాసిని, అధ్యాపకురాలు. కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి అమెరికన్ మహిళగా ఈమె ప్రసిద్ధురాలు. ఆ పట్టా అందుకొనేనాటికి ఈమె వయస్సు 51 సంవత్సరాలు.

తొలి జీవితం

ఈమె ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో జన్మించింది. అసలు పేరు ఎవెలిన్ మేరీ కెల్లర్. 1932లో సిస్టర్స్ ఆఫ్ చారిటీ ఆఫ్ ది బ్లెస్డ్ వర్జిన్ మేరీ అనే కాథలిక్ సన్యాసినీ సంఘంలో చేరి, 1940లో దీక్ష స్వీకరించింది. ఈ సంఘం విద్యాబోధనకు పేరు గన్నది. చికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయం నుండి 1943లో గణితంలో పట్టభద్రురాలైంది. మరి పదేళ్ళకు, 1953లో, అక్కడే గణిత, భౌతికశాస్త్రాలలో మాస్టర్స్ పట్టా పొందింది. ఈమె చదువు ఇట్లు విడతలు విడతలుగానే సాగింది.

మళ్ళీ విద్యార్థినిగా

నలభై దాటిన వయస్సులో డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన శిక్షణ ద్వారా ఈమె కంప్యూటర్ రంగంలో ప్రవేశించింది. డార్ట్‌మత్ 1972 వరకు పురుషుల కళాశాల. అక్కడ 1964లో వెలువడిన బేసిక్ భాషకు రూపకర్తలు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్. ఈమె పేరును కూడా దానికి జోడించడం కద్దు గాని, ఈమె ప్రతిష్ఠకు ఆ అరువు అక్కరలేదు.

అమెరికాలో మొదటి కంప్యూటర్ శాస్త్ర విభాగం పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1962లో మాత్రమే ఏర్పడింది. అనగా, ఈమె పరిశోధనకు పూనుకొన్న నాటికి ఆ శాస్త్రమే శైశవంలో ఉన్నది. మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన ఈమె సిద్ధాంతవ్యాసం, కంప్యూటరు రూపొందించిన నమూనాలపై ఆగమన పద్ధతిలో సూత్రాలను రాబట్టడానికి సంబంధించినది. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి ఆగమన పద్ధతి అన్న మాట పరిచితమే: ముందు ఉదాహరణలు, వాటినుండి సూత్రం. తరగతి గదిలో పిల్లలచేత చేయించే పనినే ఈ ఉపాధ్యాయురాలు యంత్రంచేత చేయించ యత్నించింది. బీజగణిత సమాసాలకు అవకలనం చేసే ప్రోగ్రాములను ఫోర్‌ట్రాన్ భాషలో వ్రాసింది.

1965 జూన్ 7న ఈమెకు డాక్టరేటు లభించింది. అదే రోజున సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఇర్వింగ్ టాంగ్‌కు ఇదే శాస్త్రంలో డాక్టరేటు ఇచ్చింది. అమెరికాలో ఈ శాస్త్రపు తొలి డాక్టరేటులు ఈ రెండేనని భావిస్తున్నారు.

క్లార్క్ కళాశాల

డాక్టరేటు వచ్చిన యేడే ఈమె అయోవా రాష్ట్రం, డుబ్యూక్‌లోని క్లార్క్ కళాశాలలో కంప్యూటర్ విభాగాన్ని నెలకొల్పి, ఇరవై యేళ్ళపాటు నడిపింది. క్లార్క్ అప్పట్లో చిన్న మహిళా కళాశాల. కంప్యూటర్ గణితజ్ఞుల సొత్తు కాదని, అన్ని విషయాల బోధనకు, సమాచార సేకరణకు అది సాధనం కాగలదని ఈమె నమ్మకం. ఉద్యోగాలు చేసుకొంటూ చదువుకోవచ్చిన తల్లులను పసిబిడ్డలను వెంటబెట్టుకొని తరగతులకు రమ్మని ప్రోత్సహించేది. ఈమె సేవలలో తక్కువగా ప్రస్తావింపబడేది ఇదే. డాక్టరేటు కంటె ఇదే ఎక్కువమందికి దారి చూపి ఉండవచ్చును.

ఈమె కంప్యూటర్ రంగంపై నాలుగు పుస్తకాలు రచించింది. చిన్న కళాశాలలలో కంప్యూటర్ వాడేవారి సంఘం స్థాపనలో పాలుపంచుకొన్నది. 1985లో, 71వ యేట మరణించింది. 2010లో విశ్వవిద్యాలయంగా పేరు మారిన క్లార్క్‌లో కంప్యూటర్ కేంద్రానికి ఈమె పేరు పెట్టారు.