రహీం సాహెబు: బడిపంతులే భారత జట్టుకు గురువు

గొప్పవారి జీవితచరిత్రలను మన పత్రికలో ఏటేటా ప్రకటించుట ఆనవాయితీ. కవులను, దేశనాయకులను, శాస్త్రజ్ఞులను గూర్చి చదివిన విద్యార్థి మిత్రులకు ఈసారి ఒక ఆటల గురువును పరిచయము చేయదలచినాము. ఆయన రాజ్యములు ఏలలేదు, గ్రంథములు వ్రాయలేదు. ఒక మధ్యతరగతి బడిపంతులుగా జీవితమారంభించి, భారత ఫుట్‌బాల్ జట్టును ఆసియాలో రెండుమార్లు ప్రథమస్థానమున నిలబెట్టి, రెండవ విజయము సాధించిన తొమ్మిది నెలలకే కన్నుమూసిన హైదరాబాదు వాసి సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆటగాళ్ళందరికీ ఆయన రహీం సాహెబు.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించినారు. అప్పటికి మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు కూడ నిజాం సంస్థానములోని భాగములే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడి, ఉర్దూ మాధ్యమముగా ఉన్నతవిద్య నేర్పుట మొదలైనది. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ స్థాయి చదువు చెప్పవచ్చునని చాటిన ఆ విద్యాలయములోనే రహీం గారు చదువుకొన్నారు, ఆ జట్టు తరఫుననే ఫుట్‌బాల్ ఆడినారు. పట్టభద్రులైన తరువాత కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మున్నగు చోట్ల ఉపాధ్యాయులుగా పనిచేసినారు. వ్యాయామవిద్యలో డిప్లొమా కూడ సంపాదించి, పిల్లల ఆటల బాధ్యతను తామే స్వీకరించినారు. పగలు నల్లబల్ల ముందర, సాయంత్రము మైదానములో వారి పాఠము సాగెడిది. ఈ రెంటికీ నడుమ గోడ ఉన్నదని వారు ఏనాడూ తలచలేదు.

1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా ఎన్నికైన రహీం గారు తుదిశ్వాస వరకు ఆ పదవిలో ఉన్నారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షణ ఇచ్చినారు. నాడు పోలీసు శాఖలో కొలువు అంటే పేదయింటి కుర్రవానికి నెలనెలా జీతము, దానితోపాటు ఆడుకొనుటకు అవకాశము. అట్టి కుర్రవాళ్ళతో కూర్చిన ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనలులో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించినది. ఆ డ్యూరాండ్ కప్పు మరల 1954, 1957, 1961 సంవత్సరములలో హైదరాబాదునకే వచ్చినది. సంతోష్ ట్రోఫీ పోటీలలో 1956-57, 1957-58 సంవత్సరములందు హైదరాబాదు వరుసగా విజేత. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అనుకొనుచున్న దేశము అప్పుడు దక్కనువైపు తల త్రిప్పి చూచినది.

ఈ విజయములకు మూలమైన శిక్షణ ఎట్టిదో కొంత తెలిసికొనుట అవసరము. ఆనాటి మన ఆటగాళ్ళలో పలువురు బంతి దొరికినదే తడవుగా ఒంటరిగా తీసికొనిపోయి, నలుగురిని తప్పించి చప్పట్లు కొట్టించుకొనుటయే ఆట అనుకొనేవారు. రహీం గారు ఈ అలవాటును పిల్లల వయస్సులోనే మాన్పించదలచినారు. బంతిని వెంట త్రిప్పుకొనరాదు, వెంటనే తోటివానికి అందించవలెను అను నియమముతో పోటీలు పెట్టినారు. బలహీనమైన కాలితో మాత్రమే తన్నవలెనను నియమముతో వేరే పోటీలు పెట్టినారు. కుడికాలి వాటముగల బాలుడు ఎడమకాలితో తన్నబోయి మొదట నవ్వులపాలగును. నెలలు గడిచిన పిదప వానికి రెండు కాళ్ళూ ఒక్కటే అగును. చిన్న చిన్న అందింపులు, ఎడతెగని కదలిక, తన చోటు తాను ఎరిగియుండుట, ఇవియే వారి సూత్రములు. లెక్కలలో వెనుకబడిన పిల్లవానికి వాడు తప్పుచేయు లెక్కనే పదేపదే ఇచ్చే మంచి ఉపాధ్యాయుని పద్ధతి ఇందులో మనకు కనిపించును.

రహీం గారి కన్ను ఎంత నిశితమైనదో తులసీదాస్ బలరాం కథ తెలుపును. సికిందరాబాదు శివారు అమ్ముగూడకు చెందిన ఈ పేద బాలుని ఆట చూచి, హైదరాబాదునకు వచ్చి అభ్యాసము చేయుమని రహీం గారు కోరినారు. అంతదూరము ప్రతిదినము వచ్చుటకు బాలుని వద్ద పైకము లేదు. కిరాయి సైకిలు కొరకు దినమునకు ఒక రూపాయి వంతున రహీం గారే ఇచ్చినారు. ఆ సైకిలుపై వచ్చిన బాలుడు 1956 మెల్బోర్న్, 1960 రోము ఒలింపిక్సులలో భారతదేశము తరఫున ఆడినాడు. 2023 ఫిబ్రవరిలో బలరాం మరణించినప్పుడు దేశమెల్ల ఆయనను తలచుకొన్నది.

ఇక భారత జట్టు సంగతి. 1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినవి. రహీం గారు శిక్షకులు, శైలెన్ మన్నా నాయకుడు. ఫైనలులో మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోలుతో ఇరాన్‌ను ఓడించి మనవారు స్వర్ణపతకము గెలిచినారు. స్వాతంత్ర్యము వచ్చి నాలుగేండ్లు కూడ నిండని దేశమునకు అది సామాన్యమైన పండుగ కాదు.

అయితే మరుసటి ఏడే ఆ సంతోషము చెదరిపోయినది. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా మనలను పది గోళ్ళకు ఒకటితో ఓడించినది. మన ఆటగాళ్ళు పలువురు వట్టి కాళ్ళతోనే ఆడినారు. 1948లో లండనులో వట్టి కాళ్ళతో ఆడి ఫ్రాన్సును గడగడలాడించిన జ్ఞాపకము ఆ అలవాటును వదలనీయలేదు. కాని చలిదేశపు తడినేలపై ఆ ముచ్చట చెల్లలేదు. ఈ పరాభవము తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించుటను నిర్బంధము చేసినది. రహీం గారు ఓటమికి సాకులు వెదకక, ఇతర జట్ల నుండి నేర్చుకొన్నారు. ఆ ఒలింపిక్సులో స్వర్ణము గెలిచిన హంగేరీ జట్టు తన ముందువరుస ఆటగాని ఒకనిని కొంత వెనుకకు జరిపి ఆడించెడిది. ఎదుటి రక్షకులకు ఎవరిని కాయవలెనో తోచెడిది కాదు. ఈ ఎత్తును రహీం గారు మనవారికి నేర్పినారు. తరువాతి కాలములో నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్యవారు, నలుగురు ముందువారు అను అమరికను కూడ మనదేశములో అమలుపరచినారు.

నాలుగేండ్లకు ఫలితము కనబడినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, మన జిల్లాలు కొత్త రాష్ట్రములో చేరినవి. సరిగా నెల గడచునప్పటికి, మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతజట్టు ఆతిథేయ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించినది. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేసి, ఒలింపిక్సులో ఆ ఘనత సాధించిన తొలి ఆసియావాసి అయినాడు. సెమీఫైనలులో అదే యుగోస్లావియా ఎదురైనది. ఈసారి మొదటి గోలు మనవారిదే. చివరకు 4-1తో ఓడినను, పది గోళ్ళ నాటి జట్టుకు ఈ జట్టుకు పోలిక లేదని లోకము గుర్తించినది. కాంస్యపతకపు పోటీలో బల్గేరియా చేతిలో ఓడి నాల్గవ స్థానము పొందినాము. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతకు మించిన స్థానము భారతదేశమునకు నేటికిని దక్కలేదు. ఆ జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, బలరాం, జుల్ఫికర్ మున్నగువారు హైదరాబాదు మైదానముల బిడ్డలే. 1960 రోములో హంగేరీతో 2-1 తేడాతో మాత్రమే ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సరిసమానముగా నిలిచినాము. కాని పెరూ చేతిలో కూడ ఓడి గ్రూపు దశ దాటలేకపోయినాము. ఆ జట్టులో రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ ఉన్నారు.

రహీం గారి జీవితమునకు శిఖరము 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే క్యాన్సర్ వ్యాధి వారి దేహమును తొలుచుచున్నది. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో పరాజయము. తరువాత థాయిలాండుపై 4-1తో గెలిచినను, ఆ ఆటలో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడినవి. రక్షకుడు లేకుండగనే జపానును 2-0తో ఓడించినారు. సెమీఫైనలులో రహీం గారు ఎవ్వరూ ఊహింపని పని చేసినారు. తలకు కట్టుతోనున్న జర్నైల్‌ను వెనుకవరుసలో కాక ముందువరుసలో నిలిపినారు. అతడు గోలు కొట్టినాడు. దక్షిణ వియత్నాంపై 3-2తో మనవారు ఫైనలు చేరినారు.

ఇంతలో మైదానము వెలుపల వేరొక కలకలము. ఆతిథేయులు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానీయకపోగా, ఆ విషయమును భారత ప్రతినిధి జి.డి. సోంధీ విమర్శించినారు. దానితో స్థానిక జనము ఆగ్రహించి మన రాయబార కార్యాలయముపై దాడి చేసినది. సెప్టెంబరు 4న ఫైనలు రోజున లక్షమంది వరకు ప్రేక్షకులు, వారిలో అత్యధికులు మనవారిని ఎగతాళి చేయువారే. ఫైనలుకు ముందు రహీం గారు తమ కుర్రవాళ్ళను ఒకే కోరిక కోరినారని, ఆ స్వర్ణపతకమును తమకు కానుకగా ఇమ్మన్నారని పి.కె. బెనర్జీ మున్నగువారు ముసలితనములో కూడ చెప్పుకొనేవారు. ఆ కేకల నడుమ పాకిస్తాను హాకీ జట్టువారు మాత్రము భారతదేశమునకు జయము పలికినారని కూడ వారు మరువలేదు. ఆట మొదలైన పదిహేడవ నిమిషమున బెనర్జీ, ఇరువదవ నిమిషమున జర్నైల్ గోళ్ళు కొట్టినారు. జ్వరము నుండి లేచి వచ్చిన గోలుకీపరు తంగరాజ్ కోటగోడవలె నిలిచినాడు. కొరియా చివరి నిమిషములలో ఒక గోలు మాత్రము తీర్చగలిగినది. తొలి పోటీలో మనలను ఓడించిన జట్టునే ఓడించి, చూనీ గోస్వామి నాయకత్వమున భారతదేశము స్వర్ణము గెలుచుకొన్నది.

గురువు కానుక ముట్టినది. కాని దానిని చూచుకొని మురియుటకు వ్యవధి లేదు. 1963 జూన్ 11న రహీం గారు పరమపదించినారు. వయస్సు 53 సంవత్సరములు మాత్రమే. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారమును కేంద్రప్రభుత్వము 1985లో నెలకొల్పినది. అప్పటికి ఆయన గతించి ఇరువదిరెండేండ్లు. 1970లో హైదరాబాదు బిడ్డ నయీముద్దీన్ నాయకత్వమున ఆసియా క్రీడలలో కాంస్యము లభించినది. ఆ తరువాత ఫుట్‌బాల్‌లో మనకు పతకము లేదు. 2024లో ఆయన జీవితముపై హిందీలో మైదాన్ అను చలనచిత్రము వచ్చినంత వరకు, మన విద్యార్థులలో పలువురికి ఆయన పేరే తెలియదు. హైదరాబాదునకు నూరు కిలోమీటర్ల దూరములోనున్న మనకే ఇట్లుండుట విచారకరము.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాలకు వచ్చువారిలో అధికులు చిన్న రైతుల, నేతపనివారి, కూలీల బిడ్డలు. పాలమూరు పల్లెల నుండి తల్లిదండ్రులు వలసపోగా, అవ్వల వద్ద పెరిగి చదువుకొన్నవారు ఉన్నారు. ఎండిపోయిన చెరువు శిఖములో వట్టి కాళ్ళతో బంతి ఆడినవారమే మనము. హెల్సింకిలో ఆడినవారు కూడ మనవంటివారే. వారికి కొరవడినది శక్తి కాదు, నేర్పించువాడు, కాలికి బూటు, ఆడుటకు తగిన నేల. రహీం గారు ఆ మూటిని సమకూర్చినారు. తరువాత వారు ఏమి చేసినారో లోకమెరుగును.

కళాశాల కమిటీ పెద్దలకు మేము సవినయముగా విన్నవించునది ఇంతే. ఆటలపై వెచ్చించు పైకమును మిగులు ఖర్చుగా ఎంచవలదు. సాయంత్రము ఒక గంట మైదానమును తెరచి, ఆ గంటసేపు విద్యార్థుల నడుమ నిలుచు ఒక ఉపాధ్యాయుని నియమించిన చాలును. మన గుట్టల నడుమ ఏ అమ్ముగూడ బాలుడున్నాడో ఎవరికెరుక? వానిని గుర్తించు కన్ను, కిరాయి సైకిలుకు ఒక రూపాయి ఇచ్చు చేయి, ఈ రెండు ఉన్నచోట రహీం గారి పని ఇంకను సాగుచున్నట్లే.