కీర్తనలో క్షమను కనుగొన్న పురుషోత్తమ చౌదరి

ఉత్తరాంధ్రము పాటకు పుట్టినిల్లు. విజయనగరమనగానే ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథయు, 1919లో అచట వెలసిన సంగీత కళాశాలయు జ్ఞప్తికి వచ్చును. దాసుగారు జన్మించుటకు ఎన్నో యేండ్ల ముందే ఈ సీమలో ఒక కవి మన రాగతాళములను క్రైస్తవారాధనకు అర్పించెను. ఆ కీర్తనలు తెలుగునాట చర్చిలలో నేటికిని వినబడుచున్నవి. పాడువారిలో ననేకులకు కవి చరిత్రము తెలియదు. ఆయన పురుషోత్తమ చౌదరి.

చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున, వంగదేశమునుండి వచ్చిన యొక బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. ఆ సీమ నాడు చెన్నరాజధానిలోని గంజాం జిల్లాకు చేరినది. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు పర్లాకిమిడి అందు కలిసినది. తెలుగు, ఒడియా భాషలు ఒకే వీథిలో వినబడు చోటది. వంశముచేత వంగీయుడైనను, ఆయన హృదయము పాటగా మారిన భాష తెలుగే.

ఆయన బాల్యమునాటికే విశాఖపట్టణమున లండన్ మిషనువారు 1805లో పని ప్రారంభించి యుండిరి. వారి కృషివలన 1818లో తెలుగు క్రొత్తనిబంధన చెన్నపట్టణమున అచ్చుపడెను. అచ్చు పుస్తకమే అపురూపమైన ఆ దినములలో మతగ్రంథములు, కరపత్రములు చేతులు మారుచు ఊరూర తిరుగుచుండెను. అట్టి రచనలు చౌదరిగారి కంటబడెను. చేసిన పాపమునకు క్షమ యున్నదా, ఉన్నచో దానిని ఇచ్చువాడెవడు అను ప్రశ్న ఆయనను విడువలేదు. తరువాత తాము రచించిన యొక గ్రంథమునకు నిస్తార రత్నాకరమని పేరుపెట్టుటలోనే ఆ తపన తెలియుచున్నది.

1833లో, ముప్పది యేండ్ల వయస్సున, ఆయన కటకమున ఆంగ్ల బాప్టిస్టు మిషనరీలచేత బాప్తిస్మము పొందిరి. నేడు ఒక్క వాక్యములో ముగియు ఈ సంగతి నాడు ఒక జీవితమును రెండుగా చీల్చెను. మతము మారినవాడు కులమునకు దూరమగుటయే కాదు, పిత్రార్జితముపై హక్కును కూడ కోల్పోవలసిన కాలమది. ఆ నష్టమును తొలగించు చట్టము 1850లో గాని రాలేదు. భార్య రాధామణి సైతము మొదట ఆయన వెంట రాలేదు. కొంతకాలమునకు ఆమె భర్తను చేరెను. క్షమను గూర్చి పాడిన కవి ఎడబాటును తన యింటనే అనుభవించెనని మరువరాదు.

పిమ్మట చౌదరిగారు లండన్ మిషనుతో చేరి విశాఖపట్టణమునను, బళ్లారిలోను, నాడు చికాకోలని పిలువబడిన శ్రీకాకుళమునను బోధకులుగా పనిచేసిరి. ఆనాటి విశ్వాసులకు ఒక చిక్కుండెను. విదేశీయులు తెచ్చిన పాటలకు తెనుగు మాటలు కూర్చినను బాణీ పరాయిదే. నోరు పలికినను మనస్సు పలుకదు. చౌదరిగారు పల్లవి, అనుపల్లవి, చరణములతో, మన రాగములలో, మన తాళములలో నూటికి పైగా కీర్తనలు రచించిరి. అక్షరము రానివాడు కూడ పల్లవి అందుకొని పాడగలిగెను. పాటయే అతనికి పుస్తకమయ్యెను.

ఆ కీర్తనలలో భక్తుడు మొదట తన దోషమును ఒప్పుకొనును, పిదప శరణు వేడును, చివరకు సంతోషించును. ఈ క్రమము గమనింపదగినది. ఒప్పుకోలు లేని సంతోషము ఆయనకు తెలియదు. తాను క్షమింపబడితినని నమ్మినవాడు ఇతరులపై పగ పెంచుకొనలేడు. కనుకనే ఆయన పాటలలో తెంచుకొని వచ్చిన లోకముపై నిష్ఠురముకంటె దయను వేడు గొంతే మిక్కుటముగా వినబడును.

అట్లని ఆయన లోకరీతిని ప్రశ్నింపక యుండలేదు. కులాచార పరీక్షయను గ్రంథమున కులభేదములను విచారించిరి. బాప్తిస్మముతోనే కులము మాయమైనదనుట సత్యము కాదు. క్రైస్తవులలోను ఆ పట్టింపు చాలకాలము నిలిచినది. అయినను ఒక బ్రాహ్మణ కవి కూర్చిన పల్లవిని మాలమాదిగ పల్లెలలో అందరు కలిసి పాడుకొనుట చిన్న సంగతి కాదు.

1890లో, ఎనుబదియారేండ్లు దాటిన వయస్సున, చౌదరిగారు కన్నుమూసిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున ఆయన రచనలు పెక్కు చేరినవి. శాఖలు వేరైన సంఘములు ఆ యొక్క గ్రంథమును పంచుకొనుచున్నవి. తెలుగు కీర్తన చరిత్రమును బోధించు ఉపాధ్యాయులు పదకర్తల, వాగ్గేయకారుల వరుసలో ఈయన పేరును కూడ విద్యార్థులకు చెప్పదగును. ఇల్లు, కులము, ఆస్తి విడిచివచ్చిన ఆ మనుజుడు తెలుగు పాటను మాత్రము విడువలేదు. ఆయన పొందిన క్షమయు, ఆనందమును ఆ పాటలోనే మనకు దక్కినవి.