బండి ఆగిన చోటల్లా – బెర్తా బెంజ్ జీవితం

మోటారు కారు కనిపెట్టింది ఎవరు అని జనరల్ నాలెడ్జి పుస్తకంలో వెతికితే కార్ల్ బెంజ్ అని ఒక్క ముక్కలో ఉంటుంది. పరీక్షకు ఆ ముక్క చాలు. కాని ఆ కారును తొలిసారి దూరప్రయాణానికి తీసుకుపోయి, దారిలో ఆగినప్పుడల్లా దిగి బాగుచేసుకున్న మనిషి ఎవరంటే చెప్పేవాళ్ళు తక్కువ. ఆమె కార్ల్ బెంజ్ భార్య, బెర్తా.

బెర్తా 1849 మే 3న జర్మనీలోని బాడెన్ ప్రాంతంలో, ఫోర్ట్స్‌హైమ్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి వడ్రంగి మేస్త్రీ, ఇళ్ళు కట్టించి బాగానే సంపాదించినవాడు. ఆమెకు చిన్నప్పటినుంచీ యంత్రాలంటే ఇష్టం. కాని ఇష్టం ఉంటే ఏం లాభం? బాడెన్ విశ్వవిద్యాలయాలు ఆడపిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టింది 1900లో. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళు దాటాయి.

కార్ల్ బెంజ్ ఒక రైలు ఇంజను డ్రైవరు కొడుకు. పసితనంలోనే తండ్రి పోయాడు. చేతిలో చదువు తప్ప మరేమీ లేదు. 1871లో మాన్‌హైమ్ పట్టణంలో ఒకాయనతో కలిసి వర్క్‌షాపు పెట్టాడు గాని ఆ భాగస్వామితో పొసగలేదు. ఆయన వాటా కొనేసి పంపించాలంటే డబ్బు కావాలి. అప్పుడు బెర్తా తనకు రావలసిన కట్నాన్ని పెళ్ళికి ముందే తండ్రి చేత ఇప్పించి ఆ వాటా కొనిపించింది. కట్నం సొమ్ము ఏమవుతుందో మనకందరికీ తెలుసు. ఈవిడ కట్నం ఒక వర్క్‌షాపును నిలబెట్టింది. 1872 జూలై 20న పెళ్ళయింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు కష్టాలే. 1879 డిసెంబరు 31 రాత్రి కార్ల్ తయారుచేసిన గ్యాసు ఇంజను మొట్టమొదటిసారి ఆగకుండా తిరిగింది. 1886 జనవరి 29న మోటారు బండికి 37435 నంబరు పేటెంటుకు దరఖాస్తు పడింది. అందులో బెర్తా పేరు లేదు.

మూడు చక్రాలు, వెనక ఒకే సిలిండరు. ఇంజను నుంచి తోలు బెల్టు, అక్కడినుంచి చక్రాలకు గొలుసులు. ఇదీ ఆ బండి. కొనేవాళ్ళు మాత్రం లేరు. కార్ల్ గారేమో ఇంకా ఇది సరిచెయ్యాలి, అది సరిచెయ్యాలి అంటూ వర్క్‌షాపు వదిలి రాడు. వర్క్‌షాపులో ఎన్నాళ్ళు సరిచేసినా రోడ్డు మీద వచ్చే జబ్బులు రోడ్డు మీదనే కదా బయటపడేది! ఈ సంగతి భర్తకన్నా భార్య ముందు గ్రహించిందని నాకనిపిస్తుంది.

1888 ఆగస్టులో ఒకనాటి తెల్లవారుజామున ఆమె భర్తకు చెప్పకుండా మూడో నమూనా బండిని బయటికి తీసింది. తోడు కొడుకులిద్దరు: పదిహేనేళ్ళ యూజెన్, పదమూడేళ్ళ రిచర్డ్. వెళ్ళేది ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి, సుమారు 106 కిలోమీటర్లు. అంతదూరం మోటారు బండి మీద అంతకుముందు ఎవరూ పోలేదు. రోడ్లన్నీ గుర్రబ్బళ్ళు తిరిగే మట్టిరోడ్లు. పెట్రోలు బంకులు లేవు, మెకానిక్కులు అసలే లేరు.

మొదటి చిక్కు ఆయిలుది. కార్బురేటరులో పట్టేదే నాలుగున్నర లీటర్లు. అది నడిచేది లిగ్రోయిన్ అనే పెట్రోలియం ద్రవంతో. బట్టల మీద మరకలు పోవడానికి దాన్ని మందుల షాపుల్లో అమ్మేవారు. వీస్‌లోక్ అనే ఊళ్ళో మందుల షాపు ముందు బండి ఆపి ఆవిడ లిగ్రోయిన్ కొన్నది. ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు అదేనని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. నీళ్ళ సంగతి మరీ ఘోరం. సిలిండరు చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరైపోవడం ద్వారానే ఇంజను చల్లబడాలి. అందుచేత కనబడిన చోటల్లా ఆగి నీళ్ళు పొయ్యాల్సిందే.

ఇక అసలు మరమ్మతులు. ఒకచోట ఆయిలు వచ్చే సన్నటి గొట్టంలో మురికి అడ్డుపడి ఇంజను ఆగిపోయింది. ఆమె టోపీ జారకుండా పెట్టుకున్న పొడుగాటి పిన్ను తీసి గొట్టం పొడిచి శుభ్రం చేసింది. ఇంకోచోట కరెంటు తీగ పైతొడుగు అరిగిపోయింది. ఆ బండిలో బ్యాటరీ నుంచి వచ్చే తక్కువ వోల్టేజిని ఇండక్షన్ కాయిల్ పెంచి స్పార్క్ ప్లగ్గుకు పంపుతుంది. మన ఫిజిక్సు లాబు అలమారాలో దుమ్ము పట్టి ఉన్న కాయిల్‌కు అది చుట్టమే. తీగ తొడుగు అరిగి ఇనుపచట్రానికి తగిలిందంటే, సిలిండరు లోపల రావలసిన నిప్పురవ్వ బయటే దూకేస్తుంది. లోపల ఆయిలు ఆవిరి సిద్ధంగా ఉన్నా అంటుకోదు. ఆవిడ తన మేజోడు పట్టీ విప్పి ఆ తీగకు చుట్టింది. బండి కదిలింది.

ఈ పిన్ను కథా పట్టీ కథా చాలామంది నవ్వుతూ చెబుతారు. నాకు నవ్వు రాదు. ఆ రోజుల్లో టోపీ పెట్టుకున్న ప్రతి ఆడమనిషి దగ్గరా పిన్ను ఉంది. పిన్ను వేసి తీగ బాగుచెయ్యలేం, పట్టీ కట్టి గొట్టం బాగుచెయ్యలేం. ఇంజను ఎందుకు ఆగింది, ఆయిలు రాకనా, రవ్వ రాకనా? అది తేల్చుకోవడంలో ఉంది అసలు పని. మా చేలో డీజిలు ఇంజను ఆగితే మా నాన్న గాభరాపడడు. (దానికి స్పార్క్ ప్లగ్గు ఉండదు గనక ఒక అనుమానం తక్కువ.) పైపు నట్టు వదులుచేసి గాలి పోయేదాకా ఆయిలు వదులుతాడు, అప్పటికీ కాకపోతే ఫిల్టరు విప్పుతాడు. ఆయన చదివింది ఏడో క్లాసు. మొన్న సంక్రాంతి సెలవుల్లో అదే ఇంజను నా చేతిలో ఆగిపోతే, హాండిలు తిప్పి తిప్పి చేతులు బొబ్బలెక్కడం తప్ప బి.ఎస్సీ. చదివే నాకు ఏమీ తోచలేదు. బెర్తా పదహారేళ్ళు వర్క్‌షాపు పక్కన కాపురం చేసింది. ఆమె కాలేజీ అదే.

గొలుసు పాడైతే బ్రుక్సాల్‌లో కమ్మరి చేత బాగుచేయించుకున్నారు. ఎత్తు వచ్చినప్పుడల్లా పిల్లలు దిగి తోశారు. ఉన్న రెండు గేర్లూ చాలలేదు. దిగుళ్ళలో ఇంకో ప్రమాదం: చక్రం వేగాన్ని అదిమిపట్టే చెక్క బ్రేకులు అరిగిపోయాయి. చెప్పులు కుట్టే అతని దగ్గరికెళ్ళి వాటికి తోలు కొట్టించింది. ఈనాడు మనం బ్రేకు లైనింగు అంటున్నది ఆ తోలుముక్కకు వారసురాలే. పొద్దుగూకాక ఫోర్ట్స్‌హైమ్ చేరి భర్తకు టెలిగ్రాం ఇచ్చింది. కొన్నాళ్ళాగి వేరే దారిన అదే బండి మీద తిరిగి వచ్చింది.

వచ్చాక జరిగినదే నాకు ముఖ్యం. ఎత్తుల్లో బండి లాగడం లేదన్నది విని కార్ల్ ఇంకో గేరు పెట్టాడు. అదే ఏడు మ్యూనిక్ ప్రదర్శనలో ఆ బండికి బంగారు పతకం వచ్చింది. 1899 నాటికి బెంజ్ కంపెనీ ఏడాదికి 572 బళ్ళు తయారు చేస్తోంది. దారిపొడుగునా ఆవిడ పడ్డ అవస్థలే డిజైను మార్పులయ్యాయి.

తర్వాతి జీవితం ఎక్కువగా లాడెన్‌బర్గ్‌లో గడిచింది. ఐదుగురు పిల్లలు. 1929 ఏప్రిల్ 4న కార్ల్ పోయాడు. 1944లో, ఆమె తొంభై అయిదో పుట్టినరోజున, కార్ల్ చదువుకున్న కార్ల్స్‌రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ సెనేటర్ బిరుదు ఇచ్చింది. ఆమె వయసులో ఉండగా ఆడపిల్లలకు తలుపు తెరవని చదువు అది! రెండు రోజుల తర్వాత, మే 5న, ఆమె కన్నుమూసింది. అప్పటికి యుద్ధం జరుగుతోంది.

2008లో ఆ దారికి ఆమె పేరు పెట్టారు. రానూ పోనూ 194 కిలోమీటర్లు. వీస్‌లోక్ మందుల షాపు ఆ దారిలోనే తగులుతుంది.