నాలుగు చక్రాల తూకం – అయర్టన్ సెన్నా జీవితం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక గొప్ప వ్యక్తి జీవితాన్ని రాయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి మన సీనియర్లు చక్కగా రాశారు. ఈసారి పదో తరగతి విద్యార్థులమైన మేము కొంచెం దూరం వెళ్ళాం. బ్రెజిల్ దేశపు కారు రేసుల వీరుడు అయర్టన్ సెన్నా గురించి రాస్తున్నాం. రేసులు డబ్బున్నవాళ్ళ ఆట కదా, దానితో మనకేం పని అని మాలోనే కొందరు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చివర్లో చెప్పడానికి ప్రయత్నిస్తాం.

సెన్నా 1960 మార్చి 21న సావో పాలో నగరంలో జన్మించారు. తండ్రి మిల్టన్ డ సిల్వా, తల్లి నెయిడె సెన్నా. అక్క వివియానె, తమ్ముడు లియొనార్డో. డ సిల్వా అనేది బ్రెజిల్‌లో ఎక్కడ చూసినా వినిపించే ఇంటిపేరు. అందుకే ఆయన పెద్దయ్యాక తల్లి పుట్టింటి పేరుతో పోటీల్లోకి దిగారు. తండ్రికి కార్ల విడిభాగాలు తయారుచేసే కార్ఖానా, పశువుల పొలాలు ఉండేవి. లేమి అంటే ఏమిటో ఆ ఇంటికి తెలియదు. అయితే పిల్లవాడు మాత్రం నడకలో తడబడి తరచూ పడిపోయేవాడట. నాలుగేళ్ళ వయసులో తండ్రి అతనికి ఒక చిన్న కార్ట్ చేయించి ఇచ్చారు. దానికి గడ్డి కోసే యంత్రం తాలూకు 1 హార్స్‌పవర్ ఇంజను బిగించారు. నేల మీద తడబడే పిల్లవాడు ఆ బండి ఎక్కితే మాత్రం కుదురుగా కూర్చునేవాడు.

కార్ట్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. ఇనుప గొట్టాలను వెల్డింగ్ చేసిన ఒక చట్రం, నాలుగు చిన్న చక్రాలు, ఒక సీటు, సీటు పక్కన ఇంజను. అంతే. మోటారు సైకిలుకు ఉన్నట్లు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఉండవు. చట్రం కొద్దిగా వంగి, మళ్ళీ యథాస్థితికి రావడమే దానికి స్ప్రింగు. వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసు. కనుక రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్ళాలి కదా! ఒకే ఇరుసు ఉన్నప్పుడు అది ఎలా కుదురుతుంది? స్టీరింగు తిప్పగానే లోపలి వెనక చక్రం నేల మీద నుంచి కొంచెం పైకి లేచేలా కార్ట్‌ను తయారు చేస్తారు. అది లేవకపోతే బండి మలుపు తిరగనని మొండికేస్తుంది.

ఆ చక్రం సరిగ్గా లేవాలంటే బరువు సరిగ్గా పంచి ఉండాలి. మన ఊళ్ళలో ఎడ్లబండి తోలే తాతలకు ఈ సంగతి బాగా తెలుసు. బరువు ముందుకు పడితే ఎడ్ల మెడలు నలుగుతాయి. వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. కార్ట్‌లో ఈ లెక్క కాటాలతో చూస్తారు. చదునైన నేల మీద నాలుగు కాటాలు పెట్టి ఒక్కో చక్రాన్ని ఒక్కో కాటా మీద నిలబెడతారు. టైర్లలో గాలి సరిచూసి, స్టీరింగు తిన్నగా పెడతారు. నడిపేవాడు హెల్మెట్, బూట్లతో సహా రేసులో కూర్చున్నట్లే కూర్చోవాలి. అతను కొంచెం పక్కకు ఒరిగినా లెక్క తప్పుతుంది. ఎందుకంటే బండిలో అన్నిటికంటే బరువైన వస్తువు మనిషే.

మనిషితో కలిపి 160 కిలోలు ఉంటే, అందులో సుమారు 43 శాతం, అంటే 69 కిలోల దాకా ముందు చక్రాల మీద, మిగతాది వెనక చక్రాల మీద ఉండేలా చూస్తారు. ఎడమ, కుడి సమానంగా ఉండాలి. ఇంజను ఒక పక్కన ఉంటుంది కనుక సీటును రెండో పక్కకు కాస్త జరుపుతారు. అన్నిటికంటే ముఖ్యం ఎదురెదురు మూలల లెక్క. ఎడమ ముందు చక్రం, కుడి వెనక చక్రం బరువులు కలిపితే 80 రావాలి. మిగతా రెండూ కలిపినా 80 రావాలి. ఒక జత 84, ఇంకో జత 76 అయితే బండి ఒక వైపు మలుపు చక్కగా తిరుగుతుంది, రెండో వైపు మలుపులో జారుతుంది. మన స్టడీ హాల్లో ఒక కాలు పొట్టిగా ఉన్న బెంచీని తలచుకోండి. అది మూల నుంచి మూలకు ఊగుతుంది. మనం అట్టముక్క మడిచి కాలి కింద పెడతాం. వాళ్ళు ముందు చక్రాల ఇరుసు దగ్గర వాషర్లు మార్చి ఎత్తు సరిచేస్తారు. సీటు జరుపుతారు, సీటుకు బిగించిన సీసం ముక్కలను చోటు మారుస్తారు. ఒకటి మారిస్తే నాలుగూ మారతాయి. మళ్ళీ మొదటి నుంచి తూచాలి. ఎంతో ఓపిక కావాలి.

సెన్నా పెరిగింది ఇలాంటి పనుల మధ్యనే. 1973 జులై 1న, 13 ఏళ్ళ వయసులో, ఇంటర్‌లాగోస్‌లో తన మొదటి కార్ట్ రేసులో పాల్గొన్నారు. వరసలో మొదటి స్థానం చీటీలో ఆయనకు వచ్చింది. తక్కినవారందరూ వయసులో పెద్దవారు, బరువులోనూ పెద్దవారు. తేలికైన పిల్లవాడు నేరుగా ఉన్న దారిలో దూసుకుపోయి చాలాసేపు ముందున్నాడు. చివరికి వెనకవాడి బండి తగిలి రేసు నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో ఆయనకు ఇంజన్లు సిద్ధం చేసింది స్పెయిన్ నుంచి వచ్చి స్థిరపడిన లూసియో పాస్కువల్ అనే మెకానిక్. అందరూ ఆయనను చే అని పిలిచేవారు. సెన్నా ఆయన వర్క్‌షాపులో కూర్చొని పని నేర్చుకున్నారు. పరుగెత్తుతున్న కార్ట్‌లోనే ఒక చేతితో స్టీరింగు పట్టుకొని, రెండో చేతిని కార్బురేటర్ మూతి మీద అడ్డుపెట్టి ఇంజనుకు పెట్రోలు పాలు పెంచడం ఆయనకు బాగా అలవాటు.

మొదట్లో వర్షంలో రేసు అంటే ఆయనకు చేతకాలేదు. తడి నేల మీద అందరూ ఆయనను దాటిపోయారు. ఆ అవమానం ఆయన మరిచిపోలేదు. తర్వాత వాన పడిందంటే చాలు, మిగతావాళ్ళు ఇళ్ళకు పోతుంటే తాను కార్ట్ తీసుకొని ట్రాక్ మీదికి వెళ్ళేవారు. కొన్నేళ్ళకు ప్రపంచంలో వర్షంలో అంత బాగా నడిపేవాడు లేడని పేరు వచ్చింది.

1977లో దక్షిణ అమెరికా కార్ట్ చాంపియన్ అయ్యారు. 1978లో, 18 ఏళ్ళ వయసులో, యూరప్ వెళ్ళి ఇటలీలోని డీఏపీ జట్టులో చేరారు. ఆ ఏడాది ప్రపంచ పోటీలో ఆరో స్థానం. 1979లో పోర్చుగల్‌లోని ఎస్టోరిల్‌లో రెండో స్థానం. 1980లో బెల్జియంలోని నీవెల్‌లో మళ్ళీ రెండో స్థానం. 1982 వరకు ప్రయత్నించినా కార్ట్ ప్రపంచ టైటిల్ మాత్రం ఆయనకు దక్కలేదు. ఈ సంగతి చదివినప్పుడు మేము ఆశ్చర్యపోయాం. అంతటివాడికి కూడా దక్కనిది ఒకటుంది! అయినా ఆ రోజుల మీద ఆయనకు చేదు లేదు. పేరు ప్రఖ్యాతులు వచ్చాక, ఎవరితో పోటీ పడటం ఎక్కువ సంతోషాన్నిచ్చింది అని అడిగితే, ఫార్ములా వన్ వీరులెవరినీ చెప్పకుండా, కార్ట్ రోజుల్లో తోటి ఆటగాడైన ఇంగ్లండు వాసి టెరీ ఫుల్లర్టన్ పేరు చెప్పారు.

1981లో ఇంగ్లండు వెళ్ళి కార్ల రేసుల్లో ప్రవేశించారు. 1983లో బ్రిటిష్ ఫార్ములా త్రీ చాంపియన్. 1984లో టోల్‌మన్ అనే చిన్న జట్టుతో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టారు. ఆ ఏడాది మొనాకోలో జోరువానలో 13వ స్థానం నుంచి బయలుదేరి రెండో స్థానానికి వచ్చారు. 1985లో ఎస్టోరిల్‌లో, మళ్ళీ వానలోనే, మొదటి విజయం. కార్ట్‌లో తాను ఓడిన ఊళ్ళోనే అది జరిగింది. 1988, 1990, 1991 సంవత్సరాల్లో మెక్‌లారెన్ జట్టు తరఫున ప్రపంచ చాంపియన్ అయ్యారు. మొత్తం 41 విజయాలు, 65 సార్లు వరసలో మొదటి స్థానం.

ఆయనలో లోపం లేదని మేము రాయం. 1990లో జపాన్‌లోని సుజుకాలో తన పోటీదారు అలెన్ ప్రోస్ట్ కారును మొదటి మలుపులోనే ఢీకొన్నారు. ఇద్దరూ రేసు నుంచి తప్పుకోవడంతో టైటిల్ సెన్నాకు దక్కింది. అది కావాలని చేసిన పనేనని మరుసటి ఏడాది తానే ఒప్పుకున్నారు. బండి బరువును గ్రాములతో సహా చూసుకునే మనిషికి కూడా ఆ రోజు మనసులో బరువు ఒక పక్కకు ఒరిగింది. గొప్పవాళ్ళ గురించి చదివేటప్పుడు ఇది కూడా చదవాలి.

1994 ఏప్రిల్ 30న ఇటలీలోని ఇమోలాలో రోలండ్ రాట్జెన్‌బెర్గర్ అనే ఆటగాడు అర్హత పరుగులో చనిపోయారు. మరునాడు, మే 1న, అదే ట్రాక్ మీద ఏడో చుట్టులో సెన్నా కారు తాంబురెల్లో మలుపులో గోడను ఢీకొంది. ఆయన వయసు 34 సంవత్సరాలు. బ్రెజిల్ ప్రభుత్వం మూడు రోజులు సంతాప దినాలు ప్రకటించింది. సావో పాలో వీధుల్లో లక్షల మంది నిలబడి ఆయనను సాగనంపారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆయనకు నాలుగేళ్ళకే కార్ట్ దొరికింది. మనలో చాలామందికి ఏడో తరగతి దాకా సైకిలు కూడా లేదు. ఇది సమానమైన పోటీయేనా? కాదు. కానీ ఆయన ఆటలోనే మాకు ఒక జవాబు కనిపించింది. కార్ట్ రేసుల్లో మనిషినీ బండినీ కలిపి తూచి, ఇంత బరువుకు తగ్గకూడదని నియమం పెడతారు. తేలికైనవాడు సీసం ముక్కలు బిగించుకొని ఆ బరువు మోయాలి. రేసు అయ్యాక మళ్ళీ తూస్తారు. తగ్గితే గెలుపు చెల్లదు. బరువైనవాడికి అది ఎవరో పెట్టిన భిక్ష అని అక్కడ ఎవరూ అనరు. అది లేకపోతే పోటీయే కాదని అందరికీ తెలుసు.

మనం సర్కారు అన్నం ఉచితంగా తింటున్నామని బయట ఎవరైనా అన్నప్పుడు మనం తల వంచుకుంటాం. ఇకమీదట వంచుకోనక్కర్లేదని మేము అనుకుంటున్నాం. సెలవుల్లో పత్తి ఏరడానికి పోయి, తమ్ముళ్ళను చెల్లెళ్ళను చూసుకొని, ఆ బరువుతోనే పరీక్ష రాస్తున్నాం. ఈ హాస్టలు, ఈ స్కాలర్‌షిప్పు ఆ తూకం సరిచేసే నియమాలు. తూకం సరిచేయడం వరకే నియమం పని. వానలో ట్రాక్ మీదికి వెళ్ళవలసింది మాత్రం మనమే.

సెన్నా కూడా చివరి రోజుల్లో తన దేశపు పేద పిల్లల గురించి అక్కతో మాట్లాడారు. ఆయన పోయిన 1994లోనే, నవంబరులో, వివియానె గారు తమ్ముడి పేరున ఒక సంస్థ స్థాపించారు. అది బ్రెజిల్ ప్రభుత్వ బడుల పిల్లల చదువు కోసం పనిచేస్తోంది. నాలుగేళ్ళకే కార్ట్ దొరికిన పిల్లవాడి పేరు ఇప్పుడు కార్ట్ దొరకని పిల్లల బడుల్లో వినిపిస్తోంది.

అందుకే ఈ ఏడాది మా వంతు వ్యాసానికి ఆయనను ఎంచుకున్నాం. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

– పదో తరగతి విద్యార్థులు