వంశమూలం వెతికిన న్యూటన్

ఇంగ్లాండులోని లింకన్‌షైర్ ప్రాంతం, వూల్స్‌థార్ప్ గ్రామంలో నాటి పంచాంగం ప్రకారం 1642 డిసెంబరు 25న ఐజాక్ న్యూటన్ జన్మించారు. అప్పటికి సుమారు మూడు నెలల క్రితమే ఆయన తండ్రి కన్నుమూశారు. భూమి ఉన్న రైతే అయినా ఆ తండ్రికి సంతకం చేయడం రాదు. న్యూటన్‌కు మూడేళ్ల వయసులో తల్లి హన్నా పునర్వివాహం చేసుకుని వెళ్లగా, అమ్మమ్మ ఆయనను పెంచారు.

ఇంగ్లాండులో ప్రతి పారిష్ చర్చి బాప్టిజాలు, వివాహాలు, ఖననాలను నమోదు చేయాలని 1538లోనే ఆదేశాలు వెలువడ్డాయి. సామాన్య రైతు కుటుంబాలకు తరాల చరిత్రగా మిగిలినవి ఆ పుస్తకాలే. వూల్స్‌థార్ప్‌ సమీపంలోని కోల్‌స్టర్‌వర్త్ చర్చి రిజిస్టరులో న్యూటన్ బాప్టిజం జనవరి 1వ తేదీతో నమోదైంది.

1705లో ఆన్ రాణి ఆయనకు నైట్ హోదా ప్రదానం చేశారు. అదే ఏడాది న్యూటన్ తన పూర్వికుల వివరాలు సేకరించి, వంశచిహ్నాలను నమోదు చేసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌కు వంశవృక్షాన్ని సమర్పించారు. తాను ఎన్నడూ చూడని తండ్రికి అందులో స్థానం కల్పించారు.

అవివాహితుడైన న్యూటన్ వీలునామా రాయకుండానే 1727లో మరణించారు. చరాస్తి తల్లి రెండో వివాహ సంతానానికి చెందిన వారసులకు చేరింది. వూల్స్‌థార్ప్ భూమి మాత్రం తండ్రి వైపు బంధువైన జాన్ న్యూటన్‌కు దక్కింది.