లోహానికీ అలసట ఉన్నదన్న జగదీశ చంద్ర బోసు

చెట్టుచేమలు క్రొత్త చిగురు తొడిగే ఈ ఉగాదినాడు, మొక్కకూ మనిషికీ నడుమ గీత ఎక్కడున్నదని జీవితమంతా వెదకిన ఒక మహనీయుని స్మరించుకొనడం సముచితం. ఆయనే సర్ జగదీశ చంద్ర బోసు.

బోసుగారు 1858 నవంబరు 30వ తేదీన వంగదేశంలో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర బోసుగారు ప్రభుత్వోద్యోగి. ఆ హోదాగలవారు బిడ్డలను ఇంగ్లీషు బడికి పంపే రోజులవి. ఆయన మాత్రం కుమారుని ముందుగా బెంగాలీ బడిలోనే వేశారు. అక్కడ జాలరుల పిల్లల ప్రక్కన కూర్చుండి ఆ బాలుడు పిట్టల కథలు, జంతువుల కథలు చెవులారా విన్నాడు. పరాయి ప్రాంతాన పిల్లలను పెంచుకొనే మనం గమనింపదగిన సంగతి ఇది.

కేంబ్రిడ్జిలో చదివి వచ్చి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులైనారు. తెల్లవారికంటె తక్కువ జీతం ఇవ్వజూపగా, మూడేండ్లు జీతం ముట్టకుండా పాఠాలు చెప్పి, చివరకు పూర్తి జీతం బాకీతోసహా సాధించారు.

విద్యుత్తరంగాలను పసిగట్టే లోహపు పరికరాన్ని ఎడతెగక వాడితే చురుకు తగ్గడం, విశ్రాంతి ఇస్తే తిరిగి తేరుకోవడం ఆయన గమనించారు. అంతట జంతువు కండను, మొక్క కాడను, లోహపు తీగను ఒకే రీతిగా పరీక్షించారు. మూడింటి విద్యుత్ స్పందనలలోనూ పోలిక కనబడింది. విషం తగిలితే మూడూ అణగారాయి. 1901లో లండనులో దీనిని ప్రదర్శించగా శరీరధర్మ శాస్త్రజ్ఞులు కొందరు ఒప్పుకొనలేదు. ఆయన వెనుదీయక 1902లో గ్రంథంగా ప్రకటించారు. మొక్క ఎదుగుదలను వేలరెట్లు పెంచి చూపే క్రెస్కోగ్రాఫును నిర్మించారు. 1917లో కలకత్తాలో విజ్ఞానమందిరం స్థాపించారు. 1920లో రాయల్ సొసైటీ ఫెలో అయినారు. 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో కీర్తిశేషులైనారు.

మొక్కలలో విద్యుత్ సంకేతాలు నడుస్తాయన్నది నేడు అంగీకృతమైన విషయం. లోహానికి ప్రాణమున్నదని మాత్రం శాస్త్రం ఒప్పలేదు. యంత్రాల నడుమ ప్రొద్దుపుచ్చే మాబోటి రైల్వే గుమాస్తాలకు ఆ తేడా తెలిసినదే. ఇంజను ఆగితే మరమ్మతు చాలు, మనిషి అలసితే ఆదరణ కావాలి. ఇప్పుడు మాటకు మాట బదులుచెప్పే యంత్రాలు కూడ వచ్చాయి. పోలిక చూచి ప్రాణమని భ్రమపడరాదు. పోలిక లేదని మూగజీవి బాధను త్రోసిపుచ్చనూరాదు. ఊహతో తృప్తిపడక కొలిచి చూడడమే బోసుగారు చూపిన దారి.

పచ్చడికి వేపపూత కోసేటప్పుడు కొమ్మ విరవకుండ కోసుకొందాం.